పెద్ద అక్వేరియం చేపల తరలింపు: సలహాలు ఎందుకు పొంతన లేకుండా ఉంటాయి?

అడుగు పొడవున్న ఆస్కార్‌నో, రెండడుగులు దాటిన అరోవానానో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేర్చవలసి వచ్చినవారు నలుగురిని అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. పాత నీటిని వీలైనంత వెంట తీసుకెళ్లమని ఒకరు, పాత నీరు కొత్త తొట్టిలో ఒక్క చుక్క కూడా పడకూడదని మరొకరు చెబుతారు. కొత్త నీటిని గంటసేపు బొట్టు బొట్టుగా కలపాలని ఒకరంటే, సంచి విప్పిన వెంటనే చేపను బయటికి తీయాలని ఇంకొకరంటారు. మేత ఆపాలనేవారూ ఉన్నారు, ఖాళీ కడుపుతో పంపితే చేప నీరసిస్తుందని భయపడేవారూ ఉన్నారు.

ఈ సలహాల్లో చాలావరకు ఎవరో ఒకరి అనుభవంలో నిలబడినవే. అయితే అరగంట ప్రయాణంలో పనికొచ్చిన పద్ధతి పద్నాలుగు గంటల ప్రయాణంలో చేపను చంపగలదు. రెండు అంగుళాల చేపకు సరిపోయిన పద్ధతి కిలో బరువున్న చేపకు సరిపోకపోవచ్చు. కాబట్టి ఏ సలహా సరైనదని అడిగే ముందు చేప బరువెంత, అది ఎంత నీటిలో, ఎన్ని గంటలు ఉండబోతోంది అన్నది తేల్చుకోవాలి. ఈ మూడూ తెలిస్తే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు

చేప పొడవు రెట్టింపైనప్పుడు దాని ఎత్తు, మందం కూడా దాదాపు రెట్టింపవుతాయి. అందువల్ల బరువు సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. 15 సెంటీమీటర్ల చేప 90 గ్రాములు తూగితే, అదే జాతి చేప 30 సెంటీమీటర్లకు ఎదిగేసరికి 700 గ్రాములు దాటుతుంది. చూసేవారికి చేప రెండింతలైనట్లే అనిపిస్తుంది కానీ, నీటి నుంచి అది లాగే ఆక్సిజన్, నీటిలోకి వదిలే వ్యర్థం రెండింతల కంటే ఎంతో ఎక్కువగా పెరుగుతాయి.

ఇక్కడ ఒక మినహాయింపు కూడా ఉంది. ఒక్కో గ్రాముకు లెక్కిస్తే పెద్ద చేప చిన్న చేప కంటే తక్కువ ఆక్సిజన్ వాడుతుంది. వంద గ్రాముల చేపలు పది కలిసి వాడేదాని కంటే కిలో బరువున్న ఒక్క చేప వాడేది తక్కువే. అయినా ఆ ఒక్క చేపను పది సంచుల్లోకి విడదీయలేం. చిన్న చేపల విషయంలో నీటిని, ప్రమాదాన్ని పంచే వీలుంటుంది, పెద్ద చేప విషయంలో మొత్తం భారం ఒకే పాత్ర మీద పడుతుంది.

మూసిన నీటిలో ఆక్సిజన్ లెక్క

మూత పెట్టిన పాత్రలో చేప ఊపిరాడక చనిపోతుందన్నది అందరికీ తెలిసిన భయం. ఇది ఎంతవరకు నిజమో ఒక లెక్కతో చూద్దాం. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీరు లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టి ఉంచుకోగలదు. 20 డిగ్రీల దగ్గర ఇది 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములు. అంటే నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేప శరీరంలోని జీవక్రియ వేగం పుంజుకుని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఎండవేళ తరలింపులు తరచుగా చెడిపోవడానికి కారణం ఈ రెండు వైపుల దెబ్బే.

ఇప్పుడు కిలో బరువున్న చేపను 20 లీటర్ల నీటిలో, పైన గాలి ఏమాత్రం లేకుండా అంచు వరకు నింపి మూశామనుకుందాం. ఆ నీటిలో మొత్తం 166 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములకు పడిపోయేసరికి చాలా చేపలు ఇబ్బంది పడతాయి కనుక, వాడుకోదగినది 106 మిల్లీగ్రాములే. చేప గంటకు 200 మిల్లీగ్రాములు వాడుతుందని అనుకుంటే అది అరగంటకు సరిపోతుంది. వలలో పెనుగులాడి వచ్చిన చేప విశ్రాంతిగా ఉన్నప్పటికంటే రెండు మూడు రెట్లు వాడవచ్చు, అప్పుడు పావుగంట కూడా గడవకపోవచ్చు.

అదే 20 లీటర్ల నీటి పైన 40 లీటర్ల మామూలు గాలి ఉంచితే పరిస్థితి మారిపోతుంది. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ కాబట్టి, ఆ 40 లీటర్లలో సుమారు 11,000 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. గాలికి బదులు శుద్ధమైన ఆక్సిజన్ నింపితే అది 52,000 మిల్లీగ్రాముల వరకు చేరుతుంది. నీటిలో కరిగి ఉన్న 166తో పోలిస్తే ఇది ఎంత పెద్ద నిల్వో చెప్పనక్కర లేదు. సంచిలో నీరు ఎక్కువ పోస్తే చేపకు మేలు అనుకుని గాలి జాగాను తగ్గించడం ఎంత ప్రమాదకరమో ఈ అంకెలే చెబుతున్నాయి. చేప వెన్ను మునిగి, అది నిటారుగా ఈదగలిగినంత నీరు ఉంచి, మిగతా భాగాన్ని గాలికి వదిలేయడం అనుభవజ్ఞులైన రవాణాదారుల పద్ధతి. సంచిని నిలబెట్టకుండా పడుకోబెడితే నీటి ఉపరితలం పెరిగి, గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి త్వరగా దిగుతుంది. వాహనం కుదుపులు కూడా ఈ పనిలో కొంత తోడ్పడతాయి.

జెయింట్ గౌరామి, అరపైమా వంటి చేపలు నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తాయి. నీటిలో ఎంత ఆక్సిజన్ ఉన్నా, పైకి రావడానికి ఖాళీ లేకపోతే వీటికి ప్రాణాపాయమే.

కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా: ఒకదాన్ని ఒకటి అదుపులో పెట్టే జంట

ఆక్సిజన్ సమస్య గాలి జాగాతో తీరిపోతే, దూర ప్రయాణాల్లో చేపలు ఎందుకు చనిపోతున్నాయి? దీనికి జవాబు చేప వదిలే రెండు పదార్థాల్లో ఉంది.

మొదటిది కార్బన్ డయాక్సైడ్. చేప శ్వాసించేకొద్దీ ఇది నీటిలో పేరుకుని, నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) కిందికి లాగుతుంది. మోతాదు బాగా పెరిగితే చేప రక్తం ఆక్సిజన్‌ను మోసుకెళ్లే శక్తి తగ్గిపోతుంది. చుట్టూ కావలసినంత ఆక్సిజన్ ఉన్నా చేప మొప్పలను వేగంగా ఆడిస్తూ మందకొడిగా మారడానికి ఇది ఒక కారణం.

రెండవది అమ్మోనియా. చేప తిన్న మాంసకృత్తులు విడిపోయి ఏర్పడే ఈ వ్యర్థాన్ని అది ప్రధానంగా మొప్పల ద్వారానే నీటిలోకి వదులుతుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విషపూరితమైన అమ్మోనియా, రెండవది చాలావరకు నిరపాయకరమైన అమ్మోనియం. రెండింటి నిష్పత్తిని ప్రధానంగా పీహెచ్, కొంతమేరకు ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 6.5 ఉంటే మొత్తంలో విషరూపం 0.18 శాతమే. పీహెచ్ 7 దగ్గర అది 0.57 శాతం, 8 దగ్గర 5.4 శాతం. పరీక్ష కిట్లలో చాలావరకు చూపేది ఈ రెండు రూపాల మొత్తాన్ని కనుక, కిట్ చూపిన ఒకే అంకె ఒక తొట్టిలో హానిలేనిది, మరో తొట్టిలో ప్రాణాంతకం కావచ్చు.

ఇక్కడ కూడా లెక్క వేసి చూడవచ్చు. మన కిలో చేప మేత ఆపిన తర్వాత గంటకు 5 మిల్లీగ్రాముల అమ్మోనియా వదులుతుందని అనుకుందాం. 20 లీటర్లలో పది గంటలు గడిచేసరికి లీటరుకు 2.5 మిల్లీగ్రాములు పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచిలో పీహెచ్ 6.5కు దిగి ఉంటే అందులో విషరూపం లీటరుకు 0.0045 మిల్లీగ్రాములే. అదే నీటి పీహెచ్ 8కి పెరిగితే విషరూపం 0.135 మిల్లీగ్రాములకు, అంటే ముప్ఫై రెట్లకు చేరుతుంది. లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుందని చేపల ఆరోగ్య నిపుణులు సాధారణంగా చెప్పే హద్దు. బయలుదేరే రోజు ఉదయం కడుపునిండా మేత పెట్టి, చేప గంటకు 15 మిల్లీగ్రాములు వదులుతుందనుకుంటే ఈ అంకెలన్నీ మూడింతలవుతాయి.

దీన్ని బట్టి మేత ఆపడం గురించిన సందేహం తీరుతుంది. నీటి ఉష్ణోగ్రతను తన శరీర ఉష్ణోగ్రతగా చేసుకునే జీవికి మనలా శరీరాన్ని వేడిగా ఉంచుకునే ఖర్చు ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోతే నీరసించదు. చిన్న ప్రయాణాలకు ఒక రోజు, దూర ప్రయాణాలకు రెండు మూడు రోజులు మేత ఆపడం ఆనవాయితీ. చేపలను, రొయ్యలను మింగే మాంసాహార చేపల్లో జీర్ణక్రియ నెమ్మదిగా సాగుతుంది కనుక వాటికి ఎక్కువ వ్యవధి అవసరమవుతుంది. పైగా అవి బెదిరినప్పుడు సగం అరిగిన మేతను కక్కుతాయి. మూసిన సంచిలో అది జరిగితే నీరు చాలా త్వరగా పాడవుతుంది.

పట్టుకునే క్షణంలో జరిగే నష్టం

ప్రయాణం మీద ఎంతో శ్రద్ధ పెట్టి, పట్టుకోవడాన్ని తేలిగ్గా తీసుకునేవారు చాలామంది. నా దృష్టిలో పెద్ద చేపకు కంటికి కనిపించే గాయాల్లో ఎక్కువ భాగం తొట్టి నుంచి సంచికి చేరే ఆ కొద్ది క్షణాల్లోనే తగులుతాయి.

నీటిలో ఉన్నంతసేపు చేప బరువును నీరే మోస్తుంది. బయటికి ఎత్తగానే ఆ ఆధారం పోయి, పొట్టలోని అవయవాల మీద, వెన్నెముక మీద శరీర బరువంతా పడుతుంది. అరచేతిలో పట్టే చేపకు ఇది లెక్కలోది కాదు. కిలో రెండు కిలోల చేపను తోక పట్టుకుని వేలాడదీస్తే వెన్ను దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. చేప శరీరాన్ని కప్పి ఉండే జిగురు పొర సూక్ష్మక్రిములను అడ్డుకునే మొదటి రక్షణ. ముడులున్న గరుకు వల దాన్ని గీరేస్తుంది, పొలుసులను ఊడదీస్తుంది. క్యాట్‌ఫిష్ జాతులకు మొప్పల వెనుక గట్టి ముళ్లుంటాయి. బెదిరినప్పుడు అవి విచ్చుకుని బిగుసుకుంటాయి. వలలో చిక్కుకున్న ఆ ముళ్లను విడదీసే ప్రయత్నంలో చేపకూ మనిషికీ ఇద్దరికీ గాయాలవుతాయి, ఒక్కోసారి వలనే కత్తిరించవలసి వస్తుంది.

అందుకే పెద్ద చేపల విషయంలో వల కేవలం దారి మళ్లించే సాధనం. తొట్టిలో నీటిని సగానికి పైగా తగ్గించి, దీపాలు ఆర్పి, రాళ్లూ మొద్దులూ తీసేసి, చేపను నెమ్మదిగా ఒక మూలకు నడిపిస్తారు. అక్కడ నీటిలోనే ముంచి ఉంచిన పెద్ద సంచిలోకో, ప్లాస్టిక్ డబ్బాలోకో అది తానుగా దూరేలా చేసి, నీటితో సహా పైకి తీస్తారు. కోయి చేపల పెంపకందారులు రెండు వైపులా తెరిచి ఉండే మెత్తని గుడ్డ గొట్టాన్ని వాడతారు. చేప అందులో పొడవుగా, నీటితో పాటే ఉంటుంది, శరీరమంతటికీ ఆధారం దొరుకుతుంది. అరోవానా ఎగిరి దూకడంలో ఆరితేరినది. దాన్ని పట్టే సమయంలో మూత పక్కనే లేకపోతే గాజు అంచుకో, నేలకో తగిలి మీసాలు తెగడం, మొప్పల మూత చిట్లడం జరుగుతుంటాయి. మంచినీటి స్టింగ్‌రే చేప తోక మీద విషపు ముల్లు ఉంటుంది కనుక దాని విషయంలో ముందు ఆలోచించవలసింది మనిషి భద్రతనే.

సంచి మేలా, టబ్బు మేలా?

ఈ ప్రశ్న మీద వాదనలు చాలాకాలంగా సాగుతున్నాయి, రెండు వైపులా బలమైన కారణాలున్నాయి. ఆక్సిజన్ నింపిన సంచి బ్యాటరీ మీద, పంపు మీద ఆధారపడదు, ఒలకదు, తక్కువ నీటితో సరిపెట్టుకుంటుంది. థర్మోకోల్ పెట్టెలో ఉంచితే వేడి, వెలుతురు రెండూ తగలవు. అక్వేరియం చేపల వాణిజ్య రవాణా చాలావరకు దీని మీదే నడవడానికి కారణం అదే. అయితే పెద్ద చేప ముళ్లు, వాజాల కొనలు సంచిని చీల్చగలవు. అందుకే ఒకదానిలో ఒకటిగా రెండు మూడు సంచులు వాడతారు, చేప మూలల్లో ఇరుక్కోకుండా సంచి మూలలను మడిచి కడతారు. దారిలో ఏదైనా తేడా వచ్చినా లోపలికి చేయి పెట్టే వీలుండదు.

మూతగల పెద్ద టబ్బులో బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి తీసుకెళ్లే పద్ధతిలో చేపకు జాగా ఎక్కువ, నీరు ఎక్కువ, మధ్యలో చూసుకోవచ్చు, కొంత నీరు మార్చవచ్చు. సాధారణంగా ఎవరూ చెప్పని తేడా ఒకటి ఇక్కడుంది. ఎయిర్ పంపు ఆక్సిజన్‌ను అందించడంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను నీటిలోంచి తరిమేస్తుంది. కాబట్టి టబ్బులో పీహెచ్ పడిపోదు. పీహెచ్ పడిపోదు కనుక పేరుకునే అమ్మోనియా మొదటి నుంచీ తన విషరూపంలోనే ఎక్కువగా ఉంటుంది. మూసిన సంచిలో చేపకు తెలియకుండానే దొరికే రక్షణ టబ్బులో దొరకదు. ఆ లోటును తీర్చేది నీటి పరిమాణమే. 20 లీటర్ల సంచికి బదులు 80 లీటర్ల టబ్బు వాడితే అదే అమ్మోనియా నాలుగో వంతుకు పలచబడుతుంది. రెండు మూడు గంటల లోపు ప్రయాణానికి టబ్బు, రాత్రంతా సాగే ప్రయాణానికి ఆక్సిజన్ సంచి అన్న సాధారణ అభిప్రాయం వెనుక ఉన్న తర్కం ఇదేనని నేననుకుంటున్నాను.

బరువు విషయం కూడా మరువరాదు. లీటరు నీరు కిలో తూగుతుంది కనుక 80 లీటర్ల టబ్బు ఒక మనిషి ఎత్తే వస్తువు కాదు. ఖాళీ టబ్బును ముందుగా వాహనంలో అమర్చి, అక్కడే నీరు నింపడం మేలు. పాత్ర పొడవు చేప పొడవు కంటే తప్పనిసరిగా ఎక్కువ ఉండాలి, వంగి గంటలు గడిపిన చేప వెన్ను నిటారుగా రావడానికి ఇబ్బంది పడుతుంది. పొడవాటి చేపలను వాహనం సాగే దిశకు అడ్డంగా ఉంచడం కోయి పెంపకందారుల అలవాటు. బ్రేకు వేసినప్పుడు ముక్కు గోడకు గుద్దుకోకుండా ఆ అమరిక కాపాడుతుంది.

కొత్త నీటికి అలవాటు చేయడంపై రెండు వాదనలు

అన్నింటికంటే ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. ఒక వర్గం వాదన ఇది. కొత్త తొట్టి నీటిలో ఉష్ణోగ్రత, పీహెచ్, లవణాల మోతాదు వేరుగా ఉంటాయి, హఠాత్తుగా మారితే చేప తట్టుకోలేదు, కాబట్టి గంటో రెండు గంటలో బొట్టు బొట్టుగా కొత్త నీటిని కలపాలి. రెండో వర్గం అనేది వేరు. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి పీహెచ్ పెరుగుతుంది, అంతవరకు నిరపాయంగా ఉన్న అమ్మోనియం విషంగా మారుతుంది, చేపను ఇంకా ఆ నీటిలోనే ఉంచి గంటసేపు బొట్లు వేయడం దాన్ని విషంలో నానబెట్టడమే.

పైన వేసిన లెక్కను చూస్తే రెండో వాదనలోని బలం కనిపిస్తుంది. పది గంటల తర్వాత తెరిచిన సంచిలో ముప్ఫై రెట్ల పెరుగుదలకు అవకాశం ఉంది. కానీ అరగంట ప్రయాణంలో పేరుకునే అమ్మోనియా ఆ లెక్కలో ఇరవయ్యో వంతే, కార్బన్ డయాక్సైడ్ కూడా పీహెచ్‌ను అంతగా దించి ఉండదు. అటువంటప్పుడు నెమ్మదిగా నీరు కలిపితే నష్టం లేదు, రెండు చోట్లా నీటి గుణం బాగా వేరుగా ఉంటే లాభమే ఉంది.

మొదటి వాదనకు ఇంకొక పరిమితి కూడా ఉంది. చేప శరీరంలో లవణాల సమతుల్యాన్ని సరిదిద్దుకునే వ్యవస్థ కొత్త నీటికి పూర్తిగా అలవాటు పడటానికి చాలా గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది. గంటసేపు బొట్లు వేయడం ఆ మార్పును కాస్త మెత్తబరుస్తుందే తప్ప పూర్తి చేయలేదు. మంచినీటి చేపకు లవణాలు ఎక్కువున్న నీటి నుంచి తక్కువున్న నీటికి మారడం అదనపు శ్రమ, ఎందుకంటే దాని శరీరం నుంచి లవణాలు నిరంతరం బయటికి జారిపోతూనే ఉంటాయి. ఉప్పునీటి జీవుల విషయంలో లవణ సాంద్రతలో పెద్ద తేడా ఉంటే నెమ్మదిగా మార్చాలన్న వాదనే బలంగా నిలుస్తుంది.

ఈ రెండు వాదనల మధ్య ఎంచుకోవలసిన అవసరమే లేకుండా చేసే మార్గం ఒకటుంది, నాకు అదే అన్నింటికంటే సబబుగా కనిపిస్తుంది. ప్రయాణానికి కొన్ని రోజుల ముందే రెండు చోట్లా నీటి పీహెచ్, కాఠిన్యం కొలిచి, తేడా పెద్దదైతే పాత తొట్టిలోనే రోజుకు కొంత చొప్పున నీరు మారుస్తూ దాన్ని కొత్త నీటి గుణానికి దగ్గర చేయడమో, గమ్యంలోని తొట్టిని పాత నీటి గుణానికి దగ్గరగా సిద్ధం చేయడమో అది. అప్పుడు చేరిన తర్వాత మిగిలేది ఉష్ణోగ్రత ఒక్కటే. మూసిన సంచిని కొత్త తొట్టి నీటిలో తేల్చి ఉంచితే అది సమానమవుతుంది. చిన్న సంచులకు చెప్పే 15, 20 నిమిషాలు 20 లీటర్ల సంచికి చాలవు, థర్మామీటరు చూసి నిర్ణయించడమే నమ్మకమైన పద్ధతి. ఆ తర్వాత సంచి విప్పి, ఆలస్యం చేయకుండా చేపను మాత్రమే తొట్టిలోకి మార్చి, ప్రయాణపు నీటిని పారబోస్తారు.

అమ్మోనియాను బంధించే వాటర్ కండిషనర్లు ఈ వాదన తీవ్రతను కొంత తగ్గించాయి. సంచి విప్పిన వెంటనే తగిన మోతాదులో వేస్తే నెమ్మదిగా కలిపే పద్ధతికి కొంత వెసులుబాటు దొరుకుతుంది.

పాత నీటిలో ఏముంది, పాత ఫిల్టర్‌లో ఏముంది

పాత నీటిని మొత్తంగా తీసుకెళ్లాలనేవారు చెప్పే ప్రధాన కారణం అందులో మేలుచేసే బాక్టీరియా ఉంటుందని. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే ఆ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది స్వల్పం. అది ఫిల్టర్‌లోని స్పాంజి, సిరామిక్ ముక్కలు, అడుగున పరిచిన గులకరాళ్ల ఉపరితలాలకు అంటుకుని జీవిస్తుంది. అందువల్ల కొన్ని లీటర్ల పాత నీటి కంటే ఒక పాత స్పాంజి విలువ ఎంతో ఎక్కువ.

ఆ బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. మూసి ఉన్న కానిస్టర్ ఫిల్టర్‌ను నీటితో నింపి గంటల తరబడి ఆపి ఉంచితే లోపలి ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చావడం మొదలవుతుంది, నీరు కుళ్లుతుంది. ఆ ఫిల్టర్‌ను అలాగే కొత్త చోట నడిపితే కుళ్లిన నీరంతా ఒక్కసారిగా చేప మీదికి వస్తుంది. ఫిల్టర్ పదార్థాన్ని బయటికి తీసి, తొట్టి నీటితో తడిగా, గాలి తగిలేలా మూత వదులుగా పెట్టిన డబ్బాలో తీసుకెళ్తే ఈ ముప్పు ఉండదు. కుళాయి నీటితో కడిగితే అందులోని క్లోరిన్ వల్ల అదే నష్టం జరుగుతుంది. నిల్వ ఉంచిన నీటిలోంచి క్లోరిన్ ఒక రోజులో చాలావరకు పోతుంది కానీ, కొన్ని నీటి సరఫరాల్లో వాడే క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) అలా పోదు.

అయినా పాత నీరు పూర్తిగా పనికిరానిదని చెప్పలేం. రెండు ఊళ్ల నీటి గుణం వేరైనప్పుడు సగం పాత నీరు మార్పును సగానికి తగ్గిస్తుంది. అయితే చాలాకాలం నీరు మార్చని తొట్టి అయితే లెక్క తిరగబడుతుంది. అటువంటి తొట్టిలో నైట్రేట్ పేరుకుని ఉంటుంది, పీహెచ్ బాగా దిగి ఉంటుంది, ఆమ్లత్వం వల్ల బాక్టీరియా మందగించి అమ్మోనియం కూడా నిలిచి ఉంటుంది. ఉదాహరణకు పీహెచ్ 6.2 ఉన్న తొట్టిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల మొత్తం అమ్మోనియా ఉన్నా చేప మామూలుగానే తిరుగుతుంటుంది. ఆ నీటినే కొత్త నీటితో కలిపి పీహెచ్ 7.8కి చేర్చితే, పలచబడటాన్ని పక్కన పెట్టి చూస్తే, విషరూపం దాదాపు నలభై రెట్లవుతుంది. సంవత్సరాల తరబడి బాగున్న చేప ఇల్లు మారిన మర్నాడే చనిపోయిందన్న కథనాల్లో కొన్నింటికి మూలం ఇక్కడ ఉండవచ్చు. అటువంటి తొట్టికి తరలింపుకు ముందు వారాల్లో కొద్దికొద్దిగా నీరు మారుస్తూ రావడమే విరుగుడు.

ఉప్పు, మత్తు మందులు

బెదిరిన మంచినీటి చేప శరీరం నుంచి లవణాలు మొప్పల ద్వారా మామూలుకంటే వేగంగా పోతాయి. లీటరుకు 1 నుంచి 3 గ్రాముల ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ తేడా తగ్గి ఆ నష్టం నెమ్మదిస్తుంది. కోయి, గోల్డ్‌ఫిష్ వంటివి దీన్ని తేలిగ్గా తట్టుకుంటాయి. మెత్తని (కాఠిన్యం తక్కువైన) నీటిలో పెరిగే జాతులు, కొన్ని క్యాట్‌ఫిష్‌ల విషయంలో తక్కువ మోతాదుతో ఆగడం, లేదా వేయకపోవడం మేలని చాలామంది అభిప్రాయం.

మత్తు మందుల మీద అభిప్రాయభేదం ఇంకా లోతైనది. తేలికపాటి మత్తు చేప పెనుగులాటను, ఆక్సిజన్ వాడకాన్ని, వ్యర్థాలను తగ్గిస్తుంది. పశువైద్యులు, పెద్ద ప్రదర్శనశాలలు ట్రైకైన్ వంటి మందులను ఈ పనికి వాడతారు. లవంగ నూనెలోని యూజినాల్‌కూ ఇదే గుణముంది. కానీ తేలికపాటి మత్తుకూ శ్వాస ఆగిపోవడానికీ మధ్య దూరం తక్కువ, అది జాతినీ, ఉష్ణోగ్రతనీ, నీటి గుణాన్నీ బట్టి మారుతుంది. మూసిన సంచిలో ఉన్న చేప మొప్పలు ఆగాయో లేదో దారిలో గమనించేవారుండరు. నిపుణులు పక్కన లేని ఇంటి తరలింపుకు చీకటి, చల్లదనం, నిశ్శబ్దం మత్తు కంటే భద్రమైనవన్నది నా అభిప్రాయం. చల్లదనమంటే చేప అలవాటు పడిన ఉష్ణోగ్రత కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ అని మాత్రమే.

చేరిన తర్వాతి రోజులు

తొట్టిలో దిగిన పెద్ద చేప రంగు వెలిసిపోయి, అడుగున ఒక పక్కన ఒరిగి, గంటల తరబడి కదలకుండా ఉండటం సాధారణం. ఆస్కార్‌లలో ఇది మరీ ఎక్కువ. మొప్పలు నిలకడగా ఆడుతున్నంతవరకు దీపాలు ఆర్పి దాని మానాన దాన్ని వదిలేయడమే చికిత్స. అక్కడ ముందునుంచీ ఉన్న చేపలు జాగా మీద హక్కు చూపితే, రాళ్లను, మొద్దులను మార్చి అమర్చడం వల్ల పాత హద్దులు చెదిరి పోరు కొంత తగ్గుతుంది.

ప్రయాణపు ఒత్తిడి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కనుక అసలు పరీక్ష తర్వాతి వారాల్లో ఎదురవుతుంది. తెల్లమచ్చల వ్యాధి, గీరుకున్న చోట దూది లాంటి బూజు, వాజాలు చివికిపోవడం అప్పుడే బయటపడతాయి. వేరే చేపలున్న తొట్టిలోకి వెళ్లే చేపను ముందు విడిగా ఉంచి చూడాలనడానికి ఇదే కారణం, అడుగు పొడవు చేపకు విడి తొట్టి దొరకడం కష్టమే అయినా.

ఫిల్టర్‌ను ఎంత జాగ్రత్తగా తెచ్చినా బాక్టీరియాలో కొంత భాగం నశించే ఉంటుంది. కాబట్టి మేతను రెండో రోజు తర్వాత, మామూలు మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపుతున్నంతవరకే పెంచుకుంటూ పోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. రెండు వారాల పాటు రోజూ కొలవడం అవసరమవుతుంది. నైట్రైట్ కనిపిస్తే నీరు మార్చడంతో పాటు కొద్దిగా ఉప్పు వేయడం వెనుక స్పష్టమైన కారణం ఉంది. ఉప్పులోని క్లోరైడ్, నైట్రైట్ రెండూ మొప్పల్లో ఒకే దారి గుండా లోపలికి వెళ్తాయి. క్లోరైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు నైట్రైట్‌కు ఆ దారి దొరకడం తగ్గి, బాక్టీరియా మళ్లీ పెరిగి నిలదొక్కుకునే వరకు చేప రక్తం ఆక్సిజన్‌ను మోయగలుగుతుంది.